కొవ్వొత్తి లేని పుస్తకం

నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీ గండిపేట దారిలో ఉంటుంది. ప్రతి సెప్టెంబర్ 15న ఇంజనీర్స్ డే. స్టేజీ మీద తలపాగా, కోటుతో ఉన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఫోటో, దానికో బంతిపూల దండ, తర్వాత కొవ్వొత్తి కథ. ఆయన రాత్రిపూట సర్కారు ఫైళ్ళు చూసేటప్పుడు సర్కారు కొవ్వొత్తి వెలిగించేవారట. ఆ పని కాగానే దాన్ని ఆర్పేసి, సొంత ఉత్తరాలు రాసుకోడానికి సొంత కొవ్వొత్తి వెలిగించుకునేవారట. మొదటి మూడేళ్ళు ఈ కథ విన్నాను. నాలుగో ఏడు మైకు ముందు చెప్పింది నేనే. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఆయన రాసిన పుస్తకం మాత్రం చదవలేదు. నాకు తెలిసి ఆ హాల్లో ఎవరూ చదవలేదు. చదవడానికి దాదాపు పదిహేనేళ్ళు పట్టింది. 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తాక మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్ళొచ్చాయి కదా, ఆ వారంలో తీశాను. పుస్తకం పేరు 'మెమాయిర్స్ ఆఫ్ మై వర్కింగ్ లైఫ్'. 1951లో, తొంభయ్యేళ్ళ వయసులో వేసుకున్నారు. మొదట కొవ్వొత్తి కోసమే వెతికాను. దొరకలేదు.

తర్వాత కాస్త ఆరా తీస్తే తెలిసిందేంటంటే, ఆ కొవ్వొత్తి చాలా ఊళ్ళు తిరిగింది. చాణక్యుడి ఇంట్లో అది నూనెదీపం. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ దగ్గరా దీపమే. నిజాయితీగా ఉన్నాడని జనం నమ్మిన ప్రతి పెద్దమనిషి చేతికీ ఎవరో ఒకరు ఆ దీపాన్ని అందిస్తూ వచ్చారు. విశ్వేశ్వరయ్యగారు అలా చేసి ఉండరని నేననడం లేదు, చేసే ఉండొచ్చు. నా ఫిర్యాదు వేరు. నిజాయితీని కొవ్వొత్తి ఖర్చుకి కుదించేస్తే మనకి హాయిగా ఉంటుంది. ఆఫీసు ప్రింటర్ మీద సొంత కాగితాలు తీసుకోకపోతే చాలు, మనమూ ఆయన బాపతే. ఆయన పుస్తకం అడిగే ప్రశ్నలు అంత చవకవి కావు. పుస్తకాన్ని మనం అడగాల్సినవీ కొన్ని ఉన్నాయి.

*

ముందు పుస్తకం ఎలా ఉంటుందో చెప్పాలి. పేరులోనే షరతు పెట్టేశారు, ఇది జీవితం కాదు, పనిచేసిన జీవితం. ఇల్లూ సంసారమూ దాదాపు కనబడవు. బొంబాయి ప్రెసిడెన్సీ కొలువు, సుక్కూరు నీటి సరఫరా, ఖడక్‌వాస్లా ఆటోమేటిక్ గేట్లు, ఏడెన్, హైదరాబాదు, మైసూరు... ఒక పోస్టింగు తర్వాత ఇంకొకటి. వాక్యాలు ఇంజనీరు సైటు డైరీలాగా పొడిపొడిగా ఉంటాయి. సాహిత్యం కోసం వెళ్ళినవాళ్ళు ఇరవయ్యో పేజీ దగ్గర మూసేస్తారు. నేనూ మూసేద్దును, హైదరాబాదు అధ్యాయం రాకపోయి ఉంటే.

1908 సెప్టెంబర్ 28. మూసీ వరద. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టెక్కి సుమారు నూటయాభైమంది బతికిన కథ మనందరికీ తెలుసు, ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇంకా ఉంది. వేలమంది పోయారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారికి కబురు పెట్టింది. ఆయన అప్పటికే బొంబాయి కొలువు వదిలేసి ఐరోపా తిరుగుతున్నారు. 1909లో హైదరాబాదు వచ్చారు.

వచ్చి ఏం చేశారన్నది ఈ అధ్యాయంలో అసలు సంగతి. ఎవరి తప్పు అని అడగలేదు. ఎంత వాన పడింది, ఎక్కడ పడింది, ఎన్ని గంటల్లో పడింది అని అడిగారు. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో చెరువులెన్ని? 788. అంటే చదరపు మైలుకి దాదాపు ఒకటి. అందులో తెగినవెన్ని? 221. ఇక్కడ ఆగిపోయాను. వరద అంటే ఆ రాత్రి నది మీద కోపమొచ్చి పడిన దేవుడని ఊరంతా అనుకుంటుంటే, ఈయన ఊరి పైకెళ్ళి చెరువుకట్టలు లెక్కపెట్టారు. ఒక చెరువు తెగితే ఆ నీళ్ళు కింది చెరువు మీద పడతాయి, అది తెగితే దాని కింది దాని మీద. అలా గొలుసు తెగుతూ వచ్చి అఫ్జల్‌గంజ్‌లో జనాన్ని ముంచింది. కాబట్టి మందు నగరంలో లేదు, పైన ఉంది. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదని అక్కడే పట్టుకోవాలి. మొదటిది ఉస్మాన్ సాగర్, మన గండిపేట. రెండోది హిమాయత్ సాగర్.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో దీన్ని 'బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్' అంటారు. సిస్టమ్ పడిపోతే మనిషిని వెతక్కూడదు, ఆ మనిషి చేత ఆ పొరపాటు చేయించిన ఏర్పాటుని వెతకాలి. ఇది మాకు సిలికాన్ వ్యాలీ నుంచి దిగుమతైన గొప్ప ఆలోచన అనుకుంటూ ఉంటాం. 1909లో ఒకాయన గండిపేట ఎగువన చేసిన పని సరిగ్గా ఇదే.

*

ఇక్కడ నా సంగతి చెప్పక తప్పదు. చెప్పకపోతే ఈ వ్యాసం మళ్ళీ కొవ్వొత్తి ఉపన్యాసమే అవుతుంది.

కొన్నేళ్ళ క్రితం, అప్పటికి నేను టీమ్ లీడ్ అయి ఏడాది. ఒక రాత్రి రిలీజులో ఒక స్క్రిప్టు టెస్ట్ సర్వర్ మీద బదులు అసలు సర్వర్ మీద నడిచింది. నాలుగ్గంటలు కస్టమర్ల పని ఆగింది. స్క్రిప్టు నడిపింది టీములో చేరి ఎనిమిది నెలలైన అమ్మాయి. దాన్ని చూసి సరేనని ఆమోదించింది నేను. నిజానికి చూడలేదు, పెళ్ళిభోజనంలో ఉండి ఫోన్లో 'అప్రూవ్' నొక్కాను. రెండు సర్వర్లకీ పేరులో ఒక్క అక్షరమే తేడా అని, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు పొరబడతారని నాకు ముందే తెలుసు. పొద్దున పైవాళ్ళకి పంపిన రిపోర్టులో కారణం దగ్గర 'ఆపరేటర్ పొరపాటు' అని రాసి, ఆ అమ్మాయి పేరు రాశాను. నా పేరు అడుగున, 'రిపోర్టు తయారుచేసినవారు' అన్నచోట ఉంది.

ఏ ఒక్క వాక్యమూ అబద్ధం కాదు. అదే దాని దుర్మార్గం. 221 చెరువులు తెగితే చివరి చెరువు కాపలాదారు పేరు రాసినట్టు.

కంపెనీ మమ్మల్ని ఒకసారి ఓ రిసార్టుకి తీసుకెళ్ళి 'సర్వెంట్ లీడర్‌షిప్' నేర్పించింది. మొయినాబాదు దగ్గర తోటల మధ్య రిసార్టులకి కొదవలేదు కదా. సేవకుడే నాయకుడు అని స్లైడు. ఆ మాట పుట్టించింది రాబర్ట్ గ్రీన్‌లీఫ్, 1970లో రాసిన ఒక వ్యాసంలో. ఆయన ఏటీ అండ్ టీలో చాలా ఏళ్ళు పనిచేసిన మనిషి. ఆలోచన మాత్రం మేనేజ్‌మెంట్ పుస్తకాల్లోంచి రాలేదు, హెర్మన్ హెస్ నవల 'జర్నీ టు ద ఈస్ట్' చదివితే వచ్చింది. అందులో ఒక బృందానికి సామాన్లు మోసే లియో అనే సేవకుడు మాయమైపోతాడు, బృందం చెదిరిపోతుంది. వాళ్ళని నడిపించింది అతనేనని ఆ తర్వాతగానీ తెలియదు. మా స్లైడులో హెస్ లేడు, లియో లేడు. గ్రీన్‌లీఫ్ పెట్టిన పరీక్ష కూడా లేదు. నువ్వు సేవ చేశానంటున్న మనుషులు ఎదిగారా? అందరికంటే అడుగున ఉన్నవాళ్ళకి దానివల్ల ఏం జరిగింది? ఇంతే పరీక్ష. నా రిపోర్టు ఈ రెండు ప్రశ్నల్లో దేనికీ నిలబడదు.

*

గ్రీన్‌లీఫ్ పరీక్షని విశ్వేశ్వరయ్యగారికి పెడదాం. వరద దగ్గర ఆయన నెగ్గుతారు. పైగా ఇంకో సంగతి ఉంది, మనం ఎప్పుడూ చెప్పుకోనిది. గండిపేట ఆయన కట్టలేదు. సలహా ఇచ్చారు, లెక్కలు కట్టారు, నివేదిక ఇచ్చారు. 1909 చివరికల్లా మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయారు. ఉస్మాన్ సాగర్ పునాదిరాయి పడింది 1913లో, ఏడో నిజాం కాలంలో. పూర్తయింది 1920లో. హిమాయత్ సాగర్ 1927లో. కట్టింది హైదరాబాదు రాజ్యపు ఇంజనీర్లు, కూలీలు. నిజాం సాగర్ కట్టించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆ తరం ఇంజనీరే. తెలంగాణ వచ్చాక 2014 నుంచి ఆయన పుట్టినరోజు జులై 11ని తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుతున్నాం. ఎవరు గొప్ప అని రెండు ఫోటోల మధ్య పోటీ పెట్టేవాళ్ళున్నారు. నాకు అది అనవసరం. మనిషి వెళ్ళిపోయాక పదకొండేళ్ళకి ఇంకెవరో పూర్తిచేయగలిగేంత స్పష్టంగా ఒక పని రాసిపెట్టి పోవడం, అది నాకు కొవ్వొత్తి కన్నా పెద్ద నీతిగా కనిపిస్తుంది. నేను వారం సెలవు పెడితే మా టీము ఆగిపోతుంది. దాన్ని చాలాకాలం నా ప్రాముఖ్యం అనుకున్నాను.

కానీ 1918 దగ్గర పరీక్ష కష్టమవుతుంది.

1912లో ఆయన మైసూరు దివాను అయ్యారు. ఆ ఆరేళ్ళలో చేసిన పనుల జాబితా చూస్తే తల తిరుగుతుంది. మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం, నిర్బంధ ప్రాథమిక విద్య. ఆయన చీఫ్ ఇంజనీరుగా ఉండగానే మొదలైన కృష్ణరాజసాగర్ కూడా ఈ కాలంలోనే పైకి లేచింది. పదవి ఒప్పుకునే ముందు బంధువుల్ని భోజనానికి పిలిచి, సిఫార్సులు అడగమని మాట తీసుకున్నారని కూడా చెబుతారు. మరి అలాంటి మనిషి ఎందుకు దిగిపోయారు? మైసూరు కొలువుల్లో బ్రాహ్మణులే నిండి ఉన్నారు, మాకూ చోటు కావాలి అని మిగతా కులాలవాళ్ళు అడిగారు. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ఆ మాట విని, 1918లో లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. దివానుకి ఇది నచ్చలేదు. ప్రతిభ ఒక్కటే కొలత కావాలి, లేకపోతే పాలన పాడవుతుంది అన్నది ఆయన పక్షం. పదవి వదిలేశారు.

నమ్మినదాని కోసం దివాను పదవి వదులుకోవడం చిన్న విషయం కాదు. కొవ్వొత్తి కథలు చెప్పేవాళ్ళు దీన్ని కూడా ఆ దండలోనే గుచ్చేస్తారు, కారణం మాత్రం చెప్పరు. కారణం చెబితే ప్రశ్న వస్తుంది కాబట్టి. 788 చెరువుల్లో తెగినవెన్నో ఒక్కొక్కటిగా లెక్కపెట్టిన మనిషి, కచేరీల్లో ఎవరున్నారు, ఎవరు లేరు అనే లెక్క బల్ల మీదకి వచ్చేసరికి ఎందుకు వెనక్కి జరిగారు? వరద దగ్గర, కింద మునిగినవాడి తప్పేం లేదు, లోపం పైన ఉంది అని చూడగలిగిన చూపు ఇక్కడ ఏమైంది? కొలువు రానివాడికి ప్రతిభ లేదు అనడం, చివరి చెరువు కాపలాదారు పేరు రాయడం లాంటిది కాదా?

ఆయన తరఫున చెప్పాల్సినది ఉంది. అందరికీ చదువు వస్తే కొలువులు వాటంతటవే పంచుకుంటాయని ఆయన నిజంగా నమ్మారు, నిర్బంధ విద్య తెచ్చింది ఆ నమ్మకంతోనే. కానీ ఆ ఫలం అందేదాకా ఒక తరం ఆగాలి. ఆగమని చెప్పేవాడు అప్పటికే లోపల కూర్చున్నవాడు. తను ఎక్కడ నిలబడి ఆ మాట అంటున్నాడో చూసుకోలేకపోవడం, నా దృష్టిలో ఈ పుస్తకపు అసలు లోటు. ఆయన ఎక్కడా అబద్ధం ఆడరు. ఎక్కడా తనని తాను అనుమానించుకోరు కూడా. వరద గురించి ఏ స్వరంలో రాస్తారో రాజీనామా గురించీ అదే. 'పనిచేసిన జీవితం' అని గీత గీసుకోవడంలో వినయం ఉంది, తప్పించుకోవడమూ ఉంది. లోపలి మనిషిని పుస్తకం బయట నిలబెట్టేస్తే ఆ మనిషిని ఎవరూ ప్రశ్నించలేరు.

పక్కన టంగుటూరి ప్రకాశంగారి 'నా జీవితయాత్ర' పెట్టుకుని చూడండి. చిన్నప్పటి నాటకాల పిచ్చి, రౌడీ సావాసాలు దాచుకోడు ఆయన. పుస్తకం ఒక క్రమంలో నడవదు. ప్రణాళిక వేసి ఆనకట్ట కట్టమంటే ప్రకాశంగారిని నేను పిలవను. కానీ తన గురించి తను తెలుసుకున్న మనిషి గొంతు అందులో వినిపిస్తుంది. ఒక చేతిలో నివేదిక, ఇంకో చేతిలో ఆ గొంతు ఉన్న నాయకుడు మనకి అరుదు. రెండూ లేకుండా ఒట్టి కొవ్వొత్తితో వచ్చేవాళ్ళే ఎక్కువ.

*

ఈ వ్యాసం రాయడానికి ముందు ఒక ఆదివారం గండిపేట కట్ట చూసి, మొయినాబాదు మీదుగా చేవెళ్ళ వైపు వెళ్ళాను. ఇటు కోకాపేట వైపు టవర్లు. అక్కడ 2023 వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. అటు జీఓ 111 ఊళ్ళు. 1996లో వచ్చిన ఆ ఉత్తర్వు జలాశయాల నిండు మట్టం నుంచి పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద నిర్మాణాలు వద్దంది. 2022 ఏప్రిల్‌లో జీఓ 69తో ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తేస్తామంది. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్ళొస్తున్నాయి, ఈ రెండిటి మీద ఆధారపడటం లేదు కదా అన్నది వాదన.

రోడ్డు పక్కన జామకాయలు అమ్ముతున్న ఒక పెద్దాయన దగ్గర ఆగాను. ఈ చెరువులు చాలా ముఖ్యం పెద్దయ్యా అని, అప్పుడే చదివొచ్చిన 221 గురించి నేను ఏదో చెప్పబోతే ఆయన నవ్వాడు. "ముఖ్యమే సారూ, ఎవలు కాదన్నరు? మీ పట్నపోళ్ళు మునగొద్దు. మరి మా బిడ్డ లగ్గం ఎట్ల జెయ్యాలె? ఆడ ఎకరం నూరు కోట్లట. ఈడ నా ఎకరానికి అడిగేటోడు లేకపాయె ఇన్నేండ్లు."

నాకు జవాబు రాలేదు. చెరువులు కావాలన్న నా వాదన తప్పని ఇప్పటికీ అనుకోను. అసలా జలాశయాలు పుట్టిందే వరద ఆపడానికి, తాగునీళ్ళు దాంతోపాటు కలిసొచ్చిన ఉపయోగం. తాగునీరు అక్కర్లేదు కాబట్టి చెరువు అక్కర్లేదనడం, పుట్టిన కారణాన్ని మరిచిపోవడమే. 2025 సెప్టెంబర్‌లో బస్టాండులోకి వచ్చిన నీళ్ళు ఆ కారణాన్ని గుర్తుచేసిపోయాయి. తాగునీటికి చెరువు నిండుగా ఉండాలి, వరద పట్టాలంటే అందులో ఖాళీ ఉండాలి. ఎగువన కాంక్రీటు పరిస్తే నీళ్ళు ఇంకా వేగంగా వస్తాయి, ఇంకా ఎక్కువ ఖాళీ కావాలి. ఈ లెక్క విశ్వేశ్వరయ్యగారు నేర్పినదే.

కానీ ఆ పెద్దాయన అడిగింది ఆ లెక్కలో లేని అంకె. నగరం మునగకుండా ఉండటానికి పాతికేళ్ళకి పైగా ఎవరో తమ భూమి ధరని ఒదులుకున్నారు. వాళ్ళకి నగరం తిరిగి ఇచ్చిందేమిటి? హైదరాబాదు అధ్యాయంలో జలాశయాల కింద పొలాలు పోయినవాళ్ళ పేర్లు లేవు. 1918లో గుమ్మం బయట ఆగినవాళ్ళ గొంతు లేదు. ఇవాళ మనం చెరువుల్ని కాపాడండి అని సంతకాలు సేకరించేటప్పుడు కూడా, ఆ జామకాయల బండి మనకి అడ్డంగానే కనిపిస్తుంది. సేవ ఎవరికి చేస్తున్నామో తెలుసు. ఆ సేవ ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోందో చూడం. నైతిక నాయకత్వం అన్నమాటకి నాకు ఈ పుస్తకం ఇచ్చిన అర్థం అదే, పుస్తకం తను ఇవ్వదలచుకోని అర్థం అయినా సరే. చెరువులతోపాటు, ఆ చెరువుల కోసం తగ్గినవాళ్ళని కూడా లెక్కపెట్టాలి. ఆ లెక్కలో తన్ని కూడా వేసుకోవాలి.

గత నెల ఆ పాత రిపోర్టు తెరిచి, అప్పుడు ఎవరెవరికి పంపానో వాళ్ళందరికీ మళ్ళీ ఒక ఉత్తరం రాశాను. చూడకుండా ఆమోదించింది నేనని, సర్వర్ల పేర్ల సంగతి ముందే తెలిసీ మార్చనిది నేనని. సగంమంది వేరే కంపెనీలకి వెళ్ళిపోయారు, ఉత్తరాలు తిరిగొచ్చాయి. ఆ అమ్మాయి ఇప్పుడు బెంగళూరులో ఉంది. ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు.

"ఇప్పుడెందుకన్నా అవన్నీ," అంది. "ఆ రోజు పొద్దున ఒక్క మాట అని ఉంటే సరిపోయేది."

నిజమే. వరద వచ్చిపోయాక కట్టే కట్ట వచ్చే వరదకే పనికొస్తుంది. మా సర్వర్ల పేర్లు మార్పించాను. వచ్చే సెప్టెంబర్ 15న మాట్లాడమని కాలేజీవాళ్ళు పిలిచారు. వెళ్తాను. కొవ్వొత్తి కథ మాత్రం చెప్పను.